తన పేరు పెట్టి కరుణ వేడుకున్న గాయకుడు: గియోమ్ దుఫాయి

1474 నవంబరు 27న కాంబ్రే పట్టణంలో గియోమ్ దుఫాయి అనే వృద్ధ యాజకుడు కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు దాదాపు 77 ఏళ్లు. ఆ కాలపు ఐరోపాలో ఆయనను మించిన సంగీతకర్త లేడని పోపులు, డ్యూకులు, సాటి గాయకులు ఒప్పుకున్నారు. మరణానికి నాలుగు నెలల ముందు, జూలై 8న, ఆయన తన వీలునామా రాయించారు. ఆస్తిపాస్తుల వివరాలతోపాటు అందులో ఒక విచిత్రమైన కోరిక ఉంది. తాను ఆఖరి ఘడియలో ఉన్నప్పుడు ఎనిమిదిమంది గాయకులు మంచం పక్కన నిలబడి, మెల్లని స్వరంతో ఒక కీర్తన పాడాలి. అది ముగిశాక గాయక బాలురు, వారి గురువు, మరి ఇద్దరు కలిసి తాను స్వరపరచిన ఒక పాట పాడాలి.

ఆ రెండో పాటలో ఆయన తన పేరు రాసుకున్నారు. పాట చివర సంతకంగా కాదు, ప్రార్థన లోపలే. చనిపోతున్న దుఫాయిని కరుణించమని ఆ పాట వేడుకుంటుంది.

ఐదున్నర శతాబ్దాల తరువాత కూడా ఆ పాట మన చెవిన పడుతోంది. అది మన దాకా వచ్చింది ఒకే ఒక్క చేతివ్రాత పుస్తకం ద్వారా. ఆయన జీవితాన్ని, ఆయన పాటలను కాపాడిన చేతివ్రాతల కథను కలిపి ఈ వారం పాఠకుల ముందు ఉంచుతున్నాము. ఒకటి లేకుండా రెండోది అర్థం కాదు.

దుఫాయి 1397 ప్రాంతంలో బ్రస్సెల్స్ దగ్గర పుట్టారని పరిశోధకులు చెబుతారు. తల్లి పేరు మరీ. తండ్రి ఒక యాజకుడని భావిస్తారు. అంటే వివాహబంధం లేకుండా పుట్టిన బిడ్డ. అప్పటి సంఘ చట్టం ప్రకారం అలాంటివాడు యాజకుడు కావాలంటే ప్రత్యేక అనుమతి ఉండాలి. ఊరి నోళ్ల సంగతి సరే, చట్టమే ఆ పిల్లవాడి ముందు అడ్డుగోడ కట్టింది.

1409లో ఆ బాలుడు కాంబ్రే కథీడ్రల్ గాయక బాలుడిగా చేరాడు. కాంబ్రే నేడు ఉత్తర ఫ్రాన్సులో ఉంది. అప్పట్లో అక్కడి కథీడ్రల్ గానానికి గొప్ప పేరు. పాటతోపాటు లాటిను, వ్యాకరణం కూడా అక్కడే నేర్పేవారు. ఆ కథీడ్రల్ లెక్కల పుస్తకాల్లో ఒక చిన్న పద్దు కనిపిస్తుంది. ఆ బాలుడికి ఒక లాటిను వ్యాకరణ గ్రంథం ఇచ్చారని 1411–12 సంవత్సరపు లెక్క చెబుతోంది. అచ్చుయంత్రం ఇంకా రాని రోజులు. ఒక్కో పుస్తకాన్ని చేత్తో నకలు చేయడానికి నెలలు పట్టేది, ధర కూడా చాలా ఎక్కువ. అలాంటి పుస్తకాన్ని 14 ఏళ్ల కుర్రవాడి చేతిలో పెట్టారంటే వాడిలో ఏదో ఉందని పెద్దలు ముందే కనిపెట్టారన్న మాట.

తరువాతి సంవత్సరాల్లో ఆయన ఇటలీ వెళ్లారు. రిమిని, పెసారో ప్రాంతాలను ఏలిన మలతెస్తా కుటుంబానికి పాటలు కట్టారు. బొలోన్యాలో ఉండగా యాజక అభిషేకం పొందారు. 1428లో రోములో పోపు సొంత గాయక బృందంలో చేరారు. జన్మను బట్టి చట్టం అడ్డగించిన వ్యక్తి పోపు సన్నిధిలో పాడేవాడయ్యాడు. విడిచిపెట్టబడిన రాయి మూలకు చేరడం మన బైబిల్ పాఠకులకు కొత్త సంగతి కాదు.

ఆయన జీవితంలో అందరికీ తెలిసిన దినం 1436 మార్చి 25. ఫ్లోరెన్సు నగరం తన మహా కథీడ్రల్‌ను ప్రతిష్ఠించుకున్న రోజు అది. బ్రునెల్లెస్కి కట్టిన గోపురం పూర్తి కావస్తోంది. నాలుగో యూజీన్ పోపు స్వయంగా ప్రతిష్ఠ జరిపించారు. ఆ సందర్భానికి పాట కట్టింది దుఫాయే. దాని నిర్మాణం చూస్తే ఆయన ఎలాంటి మనస్సు గలవారో తెలుస్తుంది. పాటకు అడుగున ఇద్దరు గాయకులు ఒక ప్రాచీన రాగాన్ని రెండు వేర్వేరు స్థాయిల్లో పాడతారు. ఆ రాగం మందిర ప్రతిష్ఠ ఆరాధనలోనిది. దాని మాటలు బేతేలులో నిద్ర లేచిన యాకోబు భయంతో పలికినవి. పైన మరో ఇద్దరు ఆ పండుగ కోసమే రాసిన లాటిను గీతాన్ని పాడతారు. ఆడంబరం పైన వినబడుతుంది, దైవభయం పునాదిలో ఉంటుంది.

అంతేకాదు, ఆ పాట నాలుగు భాగాల నిడివి 6, 4, 2, 3 అనే నిష్పత్తిలో ఉంటుంది. ఆ అంకెలు ఎక్కడివి? సంగీత చరిత్రకారుడు క్రెయిగ్ రైట్ మొదటి రాజుల గ్రంథం 6వ అధ్యాయం వైపు చూపించారు. సొలొమోను మందిరం పొడవు 60 మూరలు, పరిశుద్ధ స్థలం 40, అతిపరిశుద్ధ స్థలం 20, మందిరం ఎత్తు 30. ఫ్లోరెన్సు కథీడ్రల్ కోసం కట్టిన పాటలో యెరూషలేము మందిరపు కొలతలు దాగి ఉన్నాయని ఆయన వాదన. పాడేటప్పుడు సభలో కూర్చున్నవారికి ఆ సంగతి తెలిసి ఉండదు. తెలియాలని దుఫాయి కోరుకున్నట్టు కూడా లేదు. స్వరాలు రాసిన పుటను చదివి, లెక్క కట్టి చూసేవారికే అది దొరుకుతుంది.

1453లో కాన్‌స్టాంటినోపుల్ పతనమైంది. వెయ్యేళ్లకు పైబడిన క్రైస్తవ రాజధాని ఒట్టోమన్ సైన్యం వశమైంది. అప్పుడు దుఫాయి సవోయ్ డ్యూకు ఆస్థానంలో ఉన్నారు. జెనీవా నుండి ఫ్లోరెన్సులోని మెదిచి కుటుంబానికి రాసిన ఒక ఉత్తరంలో, కాన్‌స్టాంటినోపుల్ కోసం నాలుగు విలాప గీతాలు కట్టానని ఆయన తెలిపారు. ఆ నాలుగింటిలో ఒక్కటే మిగిలింది. అందులో పై స్వరం ఫ్రెంచి భాషలో పాడుతుంది. సంఘం బిడ్డలను పోగొట్టుకున్న తల్లిలాగా దేవుని ఎదుట మొర పెట్టుకుంటుంది. అదే సమయంలో మధ్య స్వరం లాటినులో యిర్మీయా విలాపవాక్యాలు మొదటి అధ్యాయంలోని మాటలు పాడుతూ ఉంటుంది. స్నేహితులే ద్రోహులైన యెరూషలేము దుఃఖం, సాటి రాజ్యాలు ఆదుకోని కాన్‌స్టాంటినోపుల్ దుఃఖం ఒకే ఊపిరిలో వినిపిస్తాయి. మిగతా మూడు గీతాలు ఎలా ఉండేవో ఇక ఎవరికీ తెలియదు.

ఇక్కడ కాసేపు ఆగి, ఆ కాలపు పాటల పుస్తకం ఎలా ఉండేదో చూద్దాము. గుటెన్‌బర్గ్ బైబిలు 1455 ప్రాంతంలో, దుఫాయి జీవించి ఉండగానే అచ్చయింది. కానీ అనేక స్వరాల సంగీతాన్ని అచ్చు వేయడం 1501లో వెనిస్ నగరంలో పెత్రుచ్చితో మొదలయింది. కాబట్టి దుఫాయి బతికి ఉన్నంత కాలం ఆయన పాట ఏదైనా ఒక ఊరి నుండి ఇంకో ఊరికి వెళ్లాలంటే ఎవరో ఒకరు కూర్చుని చేత్తో నకలు దించుకోవాలి. చర్మపు కాగితాల మీద, లేదా మామూలు కాగితం మీద. తిమోతీని చర్మపు కాగితాలు తెమ్మని అడిగిన పౌలు భక్తునికి వాటి విలువ తెలుసు. వీరికీ తెలుసు.

నేటి క్వయిర్ పుస్తకంలో నాలుగు స్వరాలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ఏ స్వరం ఎక్కడ కలుస్తుందో కంటికి తెలుస్తుంది. ఆ పాత పుస్తకాల్లో అలా ఉండదు. తెరచిన రెండు పుటల మీద ఒక్కో స్వరం ఒక్కో మూల విడిగా ఉంటుంది. తాళాన్ని విడగొట్టే నిలువు గీతలు ఉండవు. కొన్ని స్వరాలను అర మెట్టు పెంచాలా తగ్గించాలా అన్నది చాలాచోట్ల రాసి ఉండదు, గాయకుడే నేర్చుకున్న నియమాలను బట్టి తేల్చుకోవాలి. ఏ అక్షరం ఏ స్వరం కింద రావాలో కూడా నకలు రాసినవాడు ఖచ్చితంగా చూపడు. పెద్ద పీట మీద ఆ పుస్తకం ఉంచి, అందరూ చుట్టూ నిలబడి, ఎవరి మూల వారు చూస్తూ పాడేవారు. పాట మొత్తం ఏ ఒక్కరి కళ్ల ముందూ ఉండదు. అందరూ కలిసి పాడినప్పుడే, పక్కవాని స్వరం వింటూ పాడినప్పుడే, అది పాట అవుతుంది. ఒక శరీరానికి అనేక అవయవాలు అన్న బోధకు ఇంతకన్నా మంచి బొమ్మ గీయగలమా?

అందుకే ఆ కాలపు సంగీతాన్ని లోతుగా నేర్చుకునేవారు నేటికీ అసలు చేతివ్రాతల దగ్గరకు వెళతారు. ఆధునిక ముద్రణలో సంపాదకుడు అప్పటికే ఎన్నో నిర్ణయాలు తీసుకుని ఉంటాడు. మూల పుటలో చెరిపిన గుర్తులు, దిద్దుబాట్లు, వేరే సిరాతో చేర్చిన మాటలు కనిపిస్తాయి. సెమినరీలో మూలభాషలు నేర్చుకున్నవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. అనువాదం మేలు చేస్తుంది గాని, మూలం దగ్గర నిలబడినప్పుడు అడగవలసిన ప్రశ్నలు తెలుస్తాయి.

దుఫాయి 1439లో కాంబ్రేకు తిరిగి వచ్చారు. సవోయ్‌లో గడిపిన కొన్నేళ్లు మినహా, మిగిలిన జీవితమంతా అక్కడే కథీడ్రల్ పాలక యాజకుల్లో ఒకరిగా సేవ చేశారు. తల్లి మరీ కూడా ఆ పట్టణంలోనే ఆయన దగ్గర ఉండేది. 1444లో ఆమె చనిపోయినప్పుడు కథీడ్రల్‌లోనే సమాధి చేశారు. పెళ్లి కాకుండా బిడ్డను కన్న స్త్రీకి కథీడ్రల్ లోపల సమాధి స్థలం దొరకడం చిన్న విషయం కాదు. కొడుకు తన గౌరవంలో తల్లికి భాగం పంచి ఇచ్చాడు. ఆయన గొప్ప పాటలన్నిటి పక్కన ఈ ఒక్క సంగతి కూడా పెట్టి చూడాలని మా మనవి.

కాంబ్రేలో ఆయన పట్టుదలగా చేయించిన పని పాటల పుస్తకాల నకలు. సిమోన్ మెల్లే అనే లేఖకుడు దశాబ్దాల పాటు ఆ కథీడ్రల్ కోసం సంగీతం రాసిపెట్టాడు. ఏ సంవత్సరం ఏ పాట నకలు చేశాడో, ఎంత కూలి ఇచ్చారో కోశాధికారి లెక్కల పుస్తకంలో రాశాడు. ఆ పద్దుల వల్లనే మనకు రెండు సంగతులు తెలుస్తున్నాయి. మొదటిది, దుఫాయి తన మరణ ఘడియ కోసం ఎంచుకున్న పాటను మెల్లే 1464–65లోనే నకలు చేశాడు. అంటే ఆ ప్రార్థన రోగశయ్య మీద భయంతో పుట్టినది కాదు. ఆరోగ్యంగా, కీర్తిశిఖరాన ఉన్నప్పుడే, చనిపోవడానికి దాదాపు పదేళ్ల ముందే ఆయన తన అంత్య ఘడియ గురించి ఆలోచించి సిద్ధపడ్డారు. రెండవది, మృతుల ఆరాధన కోసం ఆయన కొత్తగా స్వరపరచిన సంగీతాన్ని మెల్లే 1470–71లో నకలు చేశాడు. అలాంటి ఆరాధనకు అనేక స్వరాలతో కట్టిన తొలి సంగీతం అదేనని చరిత్రకారులు అంటారు. ఇప్పుడు అది లేదు. మెల్లే రాసిన పుటల్లో అత్యధిక భాగం నశించాయి. పాట పోయి, పద్దు మిగిలింది.

ఇక ఆ చివరి పాట సంగతి. అది పాత లాటిను ప్రార్థన గీతం, యేసు తల్లియైన మరియను ఉద్దేశించినది. మన సంఘాల్లో చాలావరకు అలా ప్రార్థించవు. దేవునికిని నరులకును మధ్యవర్తి క్రీస్తు ఒక్కడే అని మనం నమ్ముతాము, ఆ మాట ఇక్కడ దాచవలసిన పని లేదు. అయితే 15వ శతాబ్దపు యాజకుడు తనకు తెలిసిన ఆరాధన భాషలోనే కన్నీరు పెట్టుకున్నాడు. ఆ గీతం మధ్యమధ్య నాలుగు చోట్ల ఆయన తన సొంత మాటలు చేర్చారు. రెండు చోట్ల తన పేరు పెట్టి, తనలాంటి పాపి అగ్నిపాలు కాకుండునట్లు కరుణ వేడుకున్నారు. ఒక చోట 116వ కీర్తనను గుర్తుచేస్తూ, తన మరణం దేవుని దృష్టికి ఇంపుగా ఉండాలని కోరుకున్నారు. చివరి చోట మాత్రం తన పేరు వదిలి, మమ్మునందరినీ కరుణించమని అడిగారు. తన పేరుతో మొదలైన ప్రార్థన సంఘమంతటి ప్రార్థనగా ముగిసింది. కరుణ కోరే మాట మొదటిసారి వచ్చే చోట, అంతవరకు వెలుగుగా సాగిన రాగం ఒక్కసారిగా చీకటి పడినట్టు మారుతుంది. సంగీతం తెలియనివారు విన్నా ఆ మార్పు గుండెకు తగులుతుంది. అదే రాగాన్ని ఆయన తన చివరి ఆరాధన సంగీతాల్లో ఒకదానిలో, లోకపాపాన్ని మోసుకొనిపోయే దేవుని గొఱ్ఱెపిల్లను కరుణ వేడుకునే భాగంలో మళ్లీ వాడారు. ఆయన నిరీక్షణ చివరికి ఎవరి మీద నిలిచిందో ఆ స్వరాలు చెబుతున్నాయి.

ఆయన కోరిక అనుకున్నట్టు నెరవేరలేదు. మరణం వచ్చినప్పుడు సమయం చాలలేదని వీలునామా అమలు చేసినవారి లెక్కలు తెలుపుతున్నాయి. మంచం పక్కన పాడవలసిన ఆ రెండు పాటలూ ఆయన పోయాక, అంత్యక్రియల వేళ కథీడ్రల్‌లో పాడారు. పదేళ్లు ముందుగా సిద్ధపడినవానికి కూడా ఘడియ మాత్రం చెప్పి రాలేదు.

తరువాత కాలం ఆయనను మరచిపోయింది. ఫ్రెంచి విప్లవం తరువాత ఆ కథీడ్రల్‌ను అమ్మేసి పడగొట్టారు. 1809లో దాని శిఖరం కూడా కూలింది. దుఫాయి సమాధి రాయి 1859లో దొరికింది. దొరికినప్పుడు అది ఒక బావికి మూతగా ఉంది. నేడు లీల్ నగరపు మ్యూజియంలో ఉన్న ఆ రాయి మీద ఆయన పేరు విచిత్రంగా చెక్కి ఉంది. పేరులోని ఫా అనే చోట అక్షరానికి బదులు సోల్ఫాలోని ఫా స్వరం గుర్తు ఉంటుంది. జీవించి ఉండగా సంతకం కూడా ఆయన అలాగే చేసేవారు.

పాటలు మాత్రం దూరపు ఊళ్లలో దాగి ఉన్నాయి. 1885లో ఫ్రాంజ్ హాబెర్ల్ అనే జర్మను యాజకుడు ఉత్తర ఇటలీలోని త్రెంతో పట్టణంలో సంగీతపు చేతివ్రాతలు వెలికి తెచ్చారు. ఇప్పుడు ఏడు సంపుటాలుగా లెక్కించే ఆ గ్రంథాల్లో ఎక్కువ భాగం రాసినవాడు అక్కడి బడి పంతులైన యోహానెస్ వీజర్. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ గ్రంథాలయంలో ఉన్న మరో చేతివ్రాత ఆధారంగా 1898లో ఒక పుస్తకం వెలువడింది. దానిని సిద్ధపరచింది జాన్ స్టేనర్, ఆయన కుమారుడు, కుమార్తె. శ్రమల దినాల్లో క్వయిర్లు పాడే ది క్రూసిఫిక్షన్ కట్టిన స్టేనర్ ఈయనే. బొలోన్యాలో ఇంకొక చేతివ్రాత ఉంది. దానిని రాసిన లేఖకుడు తన పాత పుటలను పక్కన పెట్టి, వాటిలోని అందమైన పెద్ద అక్షరాలను కత్తిరించి కొత్త పుటల మీద అంటించాడు. మార్గరెట్ బెంట్ అనే పరిశోధకురాలు ఆ అతుకుల వెనుక వైపు పరిశీలించి, అతడు వదిలేసిన పాటల ముక్కలను గుర్తించారు. మరణ ఘడియ కోసం దుఫాయి రాసుకున్న పాట ఉన్న ఒకే ఒక్క ప్రతి కాంబ్రేలో దొరకలేదు. రోములో సెయింట్ పీటర్స్ గాయకుల కోసం రాసిన పుస్తకంలో అది మిగిలింది. ఆ పుస్తకం నేడు వాటికన్ గ్రంథాలయంలో ఉంది.

ఈ జీవితం నుండి సంఘంగా మనం నేర్చుకోవలసినవి రెండు ఉన్నాయని మేము తలుస్తున్నాము.

మొదటిది, పోపులకు, డ్యూకులకు, ఒక మహా కథీడ్రల్‌కు పాటలు కట్టిన మనిషి దేవుని ఎదుటికి వెళ్లేటప్పుడు ఆ పాటల జాబితా పట్టుకుని వెళ్లలేదు. పేరు చెప్పుకున్నాడు, కరుణ అడిగాడు, అంతే. దేవాలయంలో దూరంగా నిలబడి రొమ్ము కొట్టుకున్న సుంకరి ప్రార్థన అది. పరిచర్యలో సంవత్సరాలు గడిచేకొద్దీ, మాతో సహా, చేసిన పనుల లెక్క నాలుక చివరన ఉంటుంది. కరుణ కోరే మాటను ముందే నేర్చుకుని, ఆరోగ్యంగా ఉన్న దినాల్లోనే అలవాటు చేసుకోవాలి.

రెండవది, ఆయన ప్రార్థన మన దాకా వచ్చింది ఆయన ప్రతిభ వల్ల కాదు. దీపం వెలుగులో కూర్చుని నకలు దించిన లేఖకులు, కూలి పద్దు రాసిన కోశాధికారులు, పాత పుస్తకాన్ని పారవేయని గ్రంథపాలకులు, వీరిలో చాలామందికి పేరు కూడా మిగలలేదు. మన సంఘాల్లో కూడా తాతల నాటి చేతివ్రాత పాటల పుస్తకాలు, బాప్తిస్మపు రిజిస్టర్లు, కమిటీ మినిట్స్ పుస్తకాలు, చందా లెక్కలు బీరువాల అడుగున ఉన్నాయి. చెదలు పట్టక ముందే వాటిని తీసి చూడండి. ఏ పాట ఎవరు కట్టారో తెలిసిన పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. వారి పక్కన కూర్చుని అడిగి రాసుకోండి. యువతీ యువకులారా, మీ చేతిలోని ఫోనుతో ఆ పుటలను ఫోటో తీసి భద్రం చేయడం కూడా పరిచర్యే. ఈనాడు మీరు రాసిపెట్టిన ఒక చిన్న పద్దు రేపటి సంఘానికి ఒక భక్తుని జీవితాన్ని తిరిగి ఇవ్వవచ్చు.

మన పేర్లు ఏ పుస్తకంలో మిగిలినా మిగలకపోయినా, గొఱ్ఱెపిల్ల జీవగ్రంథంలో ఉండేటట్లు ప్రభువు మనందరినీ కరుణించును గాక. ఆమేన్.